పలక మర్యాద

కంచెగూడెం, చిట్యాల పోస్టు
9 జూలై 1944

అల్లుడు ఏసోబుకు మామ గుర్వయ్య దీవెనలు.

నువ్వు మహబూబ్‌నగర్ పోయి నెల దాటింది. చేరినట్టు ఒక్క ముక్క రాయడానికి నీ చేతికేమైంది? మీ అమ్మ రోజూ నా గుమ్మంలోకి వచ్చి "ఉత్తరమొచ్చిందా తమ్మీ?" అంటుంది. రాలేదంటే నేనేదో దాచుకున్నట్టు నా మొహంకేసి చూస్తుంది. ఇకమీద పదిహేను రోజులకొకటి రాయకపోతే నేనే వచ్చి బోర్డింగు పిల్లలందరి ముందూ నీ చెవి మెలిపెడతాను.

ఇక్కడ నా పన్ను నొప్పి తగ్గలేదు. మేక నా కీర్తనల పుస్తకం అట్ట తినేసింది. మీ అత్త మేకను ఏమీ అనలేదు, పుస్తకం కింద పెట్టానని నన్ను అన్నది. బడికి పిల్లలు పశువులు తోలుకొచ్చి, కాళ్లు కడుక్కొని వస్తున్నారు. పలకలు నాలుగే. నీ కాలంలోనూ నాలుగే కదా, అవే ఇవి.

అసలు సంగతి చెబుతాను. మొన్న దొర గడి మనిషి బాలయ్య వచ్చాడు. "మీ బావ సచ్చిపాయె. పిలగాడు సదువని పాయె. మరి గా ఇంటి వెట్టి ఎవలు చేస్తరు పంతులూ?" అన్నాడు. నేను గడికి పోయి, గడప బయట నిలబడి దొరకు చెప్పుకున్నాను. హైదరాబాదు విద్యా సంఘం వారు జిల్లా పిల్లలకు లెక్కల పోటీ, అదే ముకాబలా, పెడుతున్నారనీ, మొదటివాడికి కాలేజీ చదువు, హాస్టలు అన్నీ వారే చూస్తారనీ, మా అల్లుడు గెలుస్తాడనీ చెప్పాను. దొర నవ్వాడు. "గెలిస్తే వాని జోలికి రాను, పో. కోతలైపొయ్యే దాక చూస్త. గెలవకుంటె మాత్రం వాళ్ల నాయిన తీర్గ గడికి రావాలె" అన్నాడు. నా మాట మీద ఆగాడు. కాబట్టి గెలవాలి. వేరే దారి లేదు.

నీ బదులు మన గూడెం కిష్టయ్య వెట్టికి పోతున్నాడు, ఆ ఫికరు పెట్టుకోకు. మీ అమ్మ ఇంటిపట్టునే ఉంది. వీసం ఎక్కం, పరక ఎక్కం రోజూ వల్లెవెయ్యి. పోటీ అంటే వడి.

నీ మేలు కోరే మామ,
గుర్వయ్య


మహబూబ్‌నగర్
23 జూలై 1944

పూజ్యులైన మామకు ఏసోబు వందనాలు.

నా చెవి క్షేమమే. దాని కోసం నువ్వు ఇంత దూరం రానక్కరలేదు.

మామా, నాకు భయంగా ఉంది. మా లెక్కల సారు నజీరుద్దీన్ సాబు పాత ముకాబలా ప్రశ్నల పరచాలు తెచ్చి చూపించాడు. వాటిలో వీసాలు లేవు, పరకలు లేవు. ఒకటి, మూడు, అయిదు, ఏడు, ఇట్లా బేసి సంఖ్యలు వరుసగా ఎన్ని కూడినా వర్గమే వస్తుందట. రెండు కూడితే రెండు రెళ్లు నాలుగు, మూడు కూడితే మూడు మూళ్లు తొమ్మిది. నాలుగు కూడితే పదహారు. చూడగానే జవాబు చెప్పాను. సాబు సంతోషించలేదు. "క్యోఁ?" అన్నాడు. ఎందుకు అట్లా వస్తుంది అని. నేను నిలబడిపోయాను. ఇప్పటికీ నిలబడే ఉన్నాను.

నాతో రాసేవాళ్లంతా వకీళ్ల పిల్లలు, అమీన్ల పిల్లలు. వాళ్లు పుట్టినప్పటి నుంచి ఉర్దూలోనే ఉన్నారు. నేను ప్రతి మాటనూ లోపల తెలుగులోకి తిప్పుకొని, లెక్క చేసి, మళ్లీ ఉర్దూలోకి తిప్పుతాను. యుద్ధం మూలంగా కాగితం దొరకడం లేదు, పలక మీదే చేస్తున్నాను. అన్నం ముందు కూర్చుంటే అంకెలే కనిపిస్తున్నాయి, తిన్నానో లేదో కూడా తెలియడం లేదు.

నాయిన వీపు నాకు గుర్తుంది మామా. చచ్చిపోయిన రోజు స్నానం చేయించేటప్పుడు చూశాను. నేను గడికి పోలేను. ఆ లెక్క ఎందుకట్లా వస్తుందో నీకు తెలిస్తే రాయి.

నీ అల్లుడు,
ఏసోబు


కంచెగూడెం
6 ఆగస్టు 1944

ఏసోబూ,

ఎందుకట ఎందుకు! పదహారు వచ్చిందా, రాలేదా? వచ్చింది. మరి ఆ సాబుకు ఇంకా ఏం కావాలి? నేను ఆరు తరగతులు చదివాను, ఇరవై ఏళ్ల నుంచి చెబుతున్నాను, నన్నెవరూ ఎందుకని అడగలేదు. చిన్నప్పుడు మీ అమ్మ వెంట పోయి పిడకలు వరుస పెడుతూ గంటలకొద్దీ లెక్కపెట్టేవాడివి. అప్పుడు ఎందుకని అడిగావా? పెద్ద బడికి పోగానే పెద్ద ప్రశ్నలు వచ్చాయి.

నాకు కోపం వచ్చిందనుకోకు. వచ్చింది, పోయింది.

నా మాట విను. జవాబు తప్పు పోకూడదు. కాగితం శుభ్రంగా ఉండాలి. కెలికిన కాగితం చూస్తే దిద్దేవాడికి చిరాకు పుడుతుంది. నా బడిలో నేర్చుకున్న మర్యాద పెద్దవాళ్ల ముందు మరవకు, మనల్ని మర్యాద తెలియనివాళ్లని అనడానికి వాళ్లెప్పుడూ కాచుకొని ఉంటారు. ఇంతకంటే నాకు తెలియదు. మీ నాయిన సంగతి ఉత్తరాల్లో రాయకు, నేను పైకి చదువుతుంటే మీ అమ్మ పక్కనే ఉంటుంది.

గుర్వయ్య


మహబూబ్‌నగర్
1 అక్టోబరు 1944

మామా, వందనాలు, వందనాలు!

నిన్న ముకాబలా అయిపోయింది. అన్నీ చేశాను. ఒక్కటి కూడా వదలలేదు. "మొదటి వంద బేసి సంఖ్యలు కూడితే ఎంత?" అని అడిగారు. పది వేలు అని రాశాను. ఎందుకు అని ఎక్కడా అడగలేదు మామా! నువ్వు చెప్పిందే నిజం.

మంచి తెల్ల కాగితాలిచ్చారు. అట్లాంటి కాగితం నేనెప్పుడూ ముట్టలేదు, రాయడానికి చెయ్యి రాలేదు. పెన్సిలు ఇచ్చారు, చెరుపుకోవడానికి రబ్బరు ముక్క కూడా ఇచ్చారు. మన తడిగుడ్డ కంటే అదే మేలు. లెక్కలన్నీ అయ్యాక కూడా వేళ మిగిలింది. నీ మాట గుర్తొచ్చి కాగితాలన్నీ ఎంత శుభ్రంగా చేసి ఇచ్చానో చూస్తే నువ్వు కూడా మెచ్చుకునేవాడివి.

బయటికొచ్చి వకీలు గారి అబ్బాయితో జవాబులు సరిచూసుకున్నాను. వాడు నా పక్క బల్ల మీదే కూర్చున్నాడు. వాడివీ నావీ దాదాపు ఒకటే. అమ్మకు చెప్పు. ఇవ్వాళ కడుపు నిండా తిన్నానని చెప్పు.

ఏసోబు


కంచెగూడెం
10 అక్టోబరు 1944

నా బంగారు అల్లుడికి,

నీ ఉత్తరం ఆదివారం ప్రార్థన తర్వాత అందరి ముందూ చదివాను. మీ అత్త బెల్లం పంచింది. పెద్దమనిషి ఇస్రాయేలు లేచి "మన గూడెం పిలగాడు పట్నం కాలేజీల సదువుతడు" అని ఏడ్చాడు. ఆయన ఏడిస్తే నేనూ ఏడ్చాను. బాలయ్య దారిలో కనిపిస్తే ఆపి మరీ చెప్పాను. మూతి ముడుచుకొని పోయాడు.

మీ అమ్మ ఉత్తరాన్ని రెండు చేతుల్లో పట్టుకొని చూసింది. పేడ చేతులు అంటుకుంటాయేమోనని కొంగుతో పట్టుకుంది. ఫలితం రాగానే రాయి. నా పన్ను పీకించుకున్నాను, ఇప్పుడు బాగుంది.

ఆనందంతో,
మామ గుర్వయ్య


మహబూబ్‌నగర్
29 అక్టోబరు 1944

మామా,

ఎట్లా రాయాలో తెలియడం లేదు. నేను నకలు కొట్టానంటున్నారు.

జవాబులన్నీ ఒప్పేనట. కానీ జవాబు ఎట్లా వచ్చిందో ఒక్క గీత కూడా కాగితం మీద లేదట. చేసినవాడైతే చేసిన దారి ఉండాలి కదా అన్నారు. వకీలు గారి అబ్బాయి కాగితంలో దారి అంతా ఉంది. నేను వాడి జవాబులు చూసి రాశానట. ఒప్పు జవాబు ఎవరికైనా ఒకటే ఉంటుంది కదా అన్నాను. సంఘం పెద్ద నన్ను కిందికీ మీదికీ చూశాడు, మా ఊరు అడిగాడు, మా నాయిన ఏం చేసేవాడో అడిగాడు. ఆ తర్వాత ఏమీ అడగలేదు.

నా పేరు పక్కన పెట్టారు. నజీరుద్దీన్ సాబు ఎంతో బతిమాలితే నవంబరు పద్దెనిమిదిన ఇక్కడికే వచ్చి నా చేత బోర్డు మీద చేయిస్తామన్నారు. ఆ రోజు తేలకపోతే బోర్డింగు నుంచి కూడా తీసేస్తారు. వాళ్లు "క్యోఁ" అని అడుగుతారు మామా. నా దగ్గర అది లేదు. పది వేలు అని తెలుసు, అంతే.

నాతో ఎవరూ మాట్లాడటం లేదు.

ఏసోబు


కంచెగూడెం
4 నవంబరు 1944

ఏసోబూ,

నీ ఉత్తరం మూడుసార్లు చదివాను. మీ అమ్మకు చదవలేదు. ఉత్తరం రాలేదని అబద్ధం చెప్పాను.

ఒక్కటే అడుగుతాను, దేవుని ముందు నిలబడినట్టు చెప్పు. నువ్వు వాడి కాగితం చూశావా? ఆకలి మనిషి చేత ఎన్నో చేయిస్తుంది, భయం ఇంకా చేయిస్తుంది, నాకు తెలుసు. చూసి ఉంటే చూశానని రాయి. నేను ఊరంతా బెల్లం పంచి చెప్పినవాణ్ణి. గడిలో మాట ఇచ్చినవాణ్ణి. చేల్లో కొడవళ్లు పడ్డాయి. బాలయ్య రోజూ నా బడి ముందు నుంచే పోతున్నాడు. నాకు నిజం తెలియాలి.

గుర్వయ్య


మహబూబ్‌నగర్
11 నవంబరు 1944

మామకు,

నేను చూడలేదు.

ఈ మాట నీకు రాయవలసి వస్తుందనుకోలేదు. వాళ్లు అడిగితే వాళ్లు నన్నెరుగరు అనుకున్నాను. నాకు ఒకట్లు దిద్దించింది నువ్వు.

నిజం కావాలన్నావు కదా. మన ఇస్రాయేలు పెద్దాయన తన బిడ్డ ఊరికి పోతూ ఇక్కడి స్టేషన్లో కనిపించాడు. "మీ అవ్వ గడిల పేడ ఎత్తుతాంది బిడ్డా, నీకు ఎరుక లేదా?" అన్నాడు. కిష్టయ్య పోతున్నాడని నాలుగు నెలలుగా నన్ను నమ్మించావు. అమ్మ గడిలో ఉంటే నేనిక్కడ బేసి సంఖ్యలు కూడుకుంటూ కూర్చున్నాను.

ఆ పద్దెనిమిది కోసం నేను ఉండను. వాళ్లు అడిగేదానికి నా దగ్గర జవాబు లేదు. బుధవారం బయలుదేరి వస్తున్నాను. గడికి పోవలసినవాణ్ణి నేనే, నేనే పోతాను. అమ్మను ఇంటికి పంపిస్తాను.

ఏసోబు


కంచెగూడెం
14 నవంబరు 1944

నా తండ్రీ, ఏసోబూ,

రావద్దు. కాళ్లు పట్టుకుంటాను, రావద్దు. ఈ ఉత్తరం పోస్టులో వేయకుండా హైదరాబాదు బస్సు డ్రైవరుకిచ్చి, నువ్వు బయలుదేరకముందే నీకు చేర్చమని బతిమాలుతున్నాను.

నిన్న బడిలో చిన్న సాలమ్మ తీసివేత లెక్క చేసింది. జవాబు ఒక్కటి మూలకు చిన్నగా ఉంచి, మిగతాదంతా తడిగుడ్డతో తుడిచి, పలకను పక్కనున్న పోచయ్యకు ఇచ్చింది. చూస్తూ చూస్తూ లేచి పోచయ్య చేతిలోంచి పలక తీసుకున్నాను. "ఎందుకు తుడిచినవే?" అన్నాను. "నువ్వే చెప్తివి గద పంతులూ! మన గీతలు పక్కోళ్లకు అడ్డమొస్తయి, తుడిసి ఇయ్యాలె అని" అన్నది.

రబ్బరు ముక్క ఇచ్చారన్నావు. కాగితాలు శుభ్రంగా చేసి ఇచ్చానన్నావు. అది చదివి నేను బెల్లం పంచాను! నాలుగు పలకలు పదిహేను మందికి సర్దడానికి నేను పెట్టుకున్న మర్యాద అది. నువ్వు దాన్ని అంత దూరం తీసుకుపోయి ఆ పెద్దమనుషుల ముందు పాటించావు. అంతా తెలిసిన నేను నిన్ను చూశావా అని అడిగాను. నా నోరు పడిపోను.

ఈ ఉత్తరం నజీరుద్దీన్ సాబుకు చూపించు. నా బడికి ఎవరు వచ్చి చూసినా సరే, పిల్లలంతా తుడిచే ఇస్తారు.

మీ అమ్మ సంగతి కూడా నిజమే. కిష్టయ్య రెండు రోజులు పోయి, మూడో రోజు సూర్యాపేటకు కూలికి పోయాడు. "నేనే పోత తమ్మీ, పిలగానికి మాత్రం రాయకు" అని నా చేత ఒట్టు వేయించింది. కోతలయ్యే దాకా దొర ఆగుతానన్నాడు, ఇంకా కోతలు అవలేదు. పద్దెనిమిదిన నువ్వు బోర్డు ముందు నిలబడాలి. అంతే చాలు నాకు.

నీ మామ


మహబూబ్‌నగర్
6 డిసెంబరు 1944

మామకు ఏసోబు వందనాలు.

నేను రాకుండా ఆగానని నువ్వనుకుంటున్నావు. నేను వచ్చాను.

పదహారున చిట్యాలలో బస్సు దిగి, ఊళ్లోకి రాకుండా చేలల్లోంచి గడి వెనక్కి నడిచాను. ముళ్లకంచె దగ్గర ఆగాను. లోపల అమ్మ ఒక్కతే ఉంది. పిడకలు ఆరబెడుతోంది. అమ్మా, లే, నేనొచ్చాను అందామని నోరు తెరిచాను. అప్పుడే ఆమె మూలన ఒక పిడక పెట్టింది. దాని రెండు పక్కలా, ఎదురు మూలా కలిపి మూడు పెట్టింది. వాటి చుట్టూ అయిదు. ఆ తర్వాత ఏడు. చిన్నప్పుడు నన్ను కదలకుండా కూర్చోబెట్టడానికి ఆటగా నేర్పిన వరుస మామా! ఎవరూ ఆడేవాళ్లు లేకపోయినా అట్లాగే పెడుతోంది.

ప్రతిసారీ చదరం చదరంగానే ఉంది. ప్రతి వరుసకూ ఈ పక్కన ఒకటి, ఆ పక్కన ఒకటి పెరుగుతాయి. అందుకే ముందటి దానికంటే రెండెక్కువ. అందుకే బేసి. అందుకే వర్గం. జూలై నుంచి నేను తలబద్దలు కొట్టుకున్నది అదే. కంచె రాట పట్టుకొని నోట్లో కండువా కుక్కుకొని ఏడ్చాను. బాలయ్య గొంతు వినిపించింది. వాడు చూస్తే ఇక నన్ను పోనివ్వడు. పద్దెనిమిదికి ఇంకా రెండు రోజులుంది, అమ్మను పిలవకుండా వెనక్కి తిరిగాను.

చిట్యాలలో బస్సు మర్నాటికి గాని దొరకలేదు, హైదరాబాదులో రైలు తప్పింది. నేనిక్కడికి చేరేసరికి పద్దెనిమిది దాటిపోయింది. సంఘం వాళ్లు వచ్చి, నా పేరు పిలిచి, నేను లేకపోతే నేరం ఒప్పుకున్నట్టే అని వెళ్లిపోయారట. నీ ఉత్తరం నా పెట్టె మీద ఉంది. సాబుకు చదివి వినిపించాను. ఆయన నన్ను వెంటబెట్టుకొని హైదరాబాదు పోయాడు, వాళ్ల గుమ్మం దగ్గర ఇద్దరం రెండు రోజులు కూర్చున్నాం. చివరికి పిలిచారు. "క్యోఁ?" అన్నారు. బోర్డు నిండా చుక్కలు పెట్టి, ఒక్కో వరుసా చెప్పాను. చెప్పడం అయ్యాక నా చెయ్యి దానంతటదే గుడ్డ కోసం పోయింది. సంఘం పెద్ద లేచి నా చెయ్యి పట్టుకున్నాడు. "మత్ మిటావో" అన్నాడు. చెరపవద్దని. ఆయన కళ్లు కూడా తడిసాయి.

నకలు మాట కొట్టేశారు. కానీ మామా, సీటు వకీలు గారి అబ్బాయికి అప్పటికే ఇచ్చేశారు. ఉన్నది ఒక్కటే. వచ్చే ఏడు మళ్లీ రాయవచ్చన్నారు. అప్పటిదాకా బోర్డింగులో ఉండనిస్తారు.

ఆ రోజు నేను కదలకుండా ఇక్కడే ఉంటే, నా దగ్గర జవాబు ఉండేది కాదు. వచ్చాను కాబట్టి జవాబు దొరికింది, సీటు పోయింది. ఈ లెక్క నాకు తేలడం లేదు. కోతలు అయిపోయాయి కదా. నేను గడికి రావాలా? నువ్వు చెప్పినట్టు చేస్తాను. అమ్మకు ఇదంతా చదివి వినిపించు, ఏమీ దాచకు.

ఏసోబు


కంచెగూడెం
17 డిసెంబరు 1944

నా కన్నతండ్రీ ఏసోబూ,

ఏమీ దాచలేదు. మొదటి నుంచి చివరి దాకా మీ అమ్మకు చదివాను. ఆమె కదలకుండా విన్నది.

కాగితం చూశావా అని నిన్ను ఆ ఒక్క మాట అడగకపోయి ఉంటే నువ్వు పద్దెనిమిదిన అక్కడే ఉండేవాడివి అన్నాను. "పోనీ తమ్మీ, అయిందేదో అయింది" అన్నది. మొన్న బాలయ్య వచ్చి "కోతలైపాయె, పిలగాడేడి?" అన్నాడు. నేను మాట తడబడుతుంటే మీ అమ్మ ముందుకొచ్చింది. "ఇంటికో మనిషే గద మీకు కావాలె? నేనున్న గద!" అన్నది. అంత గట్టిగా ఆమె మాట్లాడగా నా జన్మలో వినలేదు. వాడు గొణుక్కుంటూ పోయాడు. మళ్లీ వస్తాడు. రానీ.

క్రిస్మసు దగ్గరపడింది కదా, బడిగోడకు సున్నం వేయడానికి నిన్న సాయంత్రం మీ అమ్మే వచ్చింది. "వాడు గా బోర్డు మీద ఏం చేసిండో నాకు సూపియ్యి" అన్నది. పలక చాలదని బొగ్గు తీసుకొని గోడ మూలన చుక్కలు పెట్టాను. ఒకటి, మూడు, అయిదు, ఏడు. ఇట్లా చెప్పాడు అక్కా అని, నీ ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఆమె దగ్గరికి పోయి వేలితో ఒక్కొక్కటీ తాకింది.

"గివి నా పిడకలే గద తమ్మీ!" అన్నది.

తర్వాత సున్నం కలుపుతూ అన్నది, "గా దినం వాడు కంచె అవతల నిలబడ్డడు. నేను సూసిన. వాని అంగీ నాకు ఎరుకే గద. పిలిస్తే వస్తడు. వస్తే ఆగిపోతడు. అందుకే తల ఎత్తలె. వాడు సూస్తాండు గదా అని వరుస మంచిగ పెట్టిన."

ఆమె కుండలో కుంచె ముంచి గోడంతా సున్నం వేసింది. ఆ మూల దగ్గరికి వచ్చి ఆగింది. చుక్కల చుట్టూ జాగ్రత్తగా తిప్పి, వాటిని మాత్రం వదిలేసింది.

"గిది చెరపకు తమ్మీ. మల్ల యేడు వానికి కావాలె" అన్నది.

నువ్వు రావద్దు. ఇది నా మాట కాదు, ఆమెది. తెల్లవారగానే తట్ట ఎత్తుకొని గడికి పోయింది.

మీ మామ,
గుర్వయ్య